పీకేయండి సార్ అన్న ఏడాది

మొదటే చెప్పేస్తాను, ఆర్థిక శాస్త్రం నాకు రాదు. పేపర్లో మాంద్యం అనే మాట కనిపిస్తే పేజీ తిప్పేసే మనిషిని. కర్నూల్లో మూడేళ్ళు, కడపలో ముప్పై నాలుగేళ్ళు పళ్ళ డాక్టరుగా పనిచేశాను. ఊళ్ళో పనులు పడిపోతున్నాయన్న సంగతి పేపరు కంటే ముందే నాకు తెలిసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. తెలిసి కూడా తెలివితక్కువగా నడుచుకున్న సందర్భం ఒకటుంది. ఆ ఒక్కదాన్ని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కొత్తగా క్లినిక్ పెట్టుకుంటున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు కుర్చీ ఏ కంపెనీది కొనాలి, బోర్డు ఎంత పెద్దది పెట్టాలి అని అడుగుతారు. అవి నాకంటే అమ్మేవాళ్ళు బాగా చెబుతారు. నేను చెప్పగలిగింది వేరే. నొప్పితో వచ్చిన మనిషికి పని ఉందో పోయిందో తెలుసుకోకుండా అతని పంటి మీద చెయ్యి వేయకండి. కాలేజీలో ఇది ఎవరూ చెప్పరు. నాకు ఒకాయన చెప్పాడు. నేను విన్నాను, ముప్పై ఏళ్ళ తర్వాత సరిగ్గా అవసరమైన రోజున మరిచిపోయాను.

నోరు తర్వాత

కర్నూల్లో నేను చేరింది ఒక పెద్దాయన క్లినిక్‌లో. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్ద డాక్టరనే పిలిచేవాళ్ళు. కోపిష్టి. అద్దం సరిగా పట్టుకోకపోతే పేషెంటు ముందే చీవాట్లు పెట్టేవాడు. నేను చేరిన మొదటి వారంలో ఆదోని నుంచి ఒకాయన దవడ పట్టుకుని వచ్చాడు. నేను హుషారుగా "నోరు తెరువు" అన్నాను. పెద్ద డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నోరు యాడికీ పోదులేప్పా. ముందు మనిషిని సూడు."

చూశాను. నాకేమీ కనిపించలేదు. పెద్ద డాక్టరు ఆ మనిషి వైపు తిరిగి, "మిల్లు నిలబడిపోయిందా?" అని అడిగాడు.

"నెలాయె సార్. మీకెట్ల తెలిసె?"

"వచ్చినప్పుడల్లా కనుబొమల్లో దూది పెట్టుకోనొస్తావు. ఈ పొద్దు లేదు కదా."

అతను పనిచేసేది దూది మిల్లులో. పన్ను పీకేయమని అడగడానికి వచ్చాడు. పెద్ద డాక్టరు పీకలేదు. పుచ్చిన భాగం తీసి, లోపల మందు పెట్టి, పైన తాత్కాలిక సిమెంటుతో మూసేశాడు. మిల్లు తెరిచినాక రా, మిగతాది అప్పుడు చూద్దాం, అంతవరకు ఆ పక్క నమలొద్దు అని చెప్పి పంపాడు. అతను వెళ్ళాక నా వైపు తిరిగాడు. "పని పోయినోడు ఎప్పుడో ఒకప్పుడు మళ్ళ పనికి పోతాడు. పీకిన పన్ను రాదు. తొందర వానికి ఉంటాది. నీకేంటికి?"

ఆరు నెలల తర్వాత ఆ మనిషి తిరిగొచ్చాడు, కనుబొమల నిండా దూదితో. పన్ను నిలబడింది. నేను ఆ క్లినిక్‌లో నేర్చుకున్నవాటిలో చేతి పనితనం సగమే. మిగతా సగం ఇలాంటివి.

తొందర లేని జనం

కడపలో సొంతంగా క్లినిక్ పెట్టాక నాకు సాయంగా ఉన్నది మస్తాన్‌బీ. చీటీలు రాయడం, పనిముట్లు ఉడకబెట్టడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, అన్నీ ఆమే. చదివింది ఏడో తరగతి. నేను చెబుతున్న ఆ ఏడాది గురించి నాకు మొదట కబురు చెప్పింది ఆమె. ఒక సాయంత్రం చేతులు తుడుచుకుంటూ, "సార్, ఈ నెలంతా నన్ను ఎవురూ తిట్టలేదు" అంది.

మామూలు రోజుల్లో బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆమె ప్రాణం తోడేస్తారు. రోడ్డు మీద ఆటో పెట్టి వచ్చినా, అంగట్లో మనిషి లేడు, లోడు ఎత్తాల, నన్ను ముందు పంపు అంటారు. ఆ నెలలో ఎవరికీ తొందర లేదు. ముగ్గురు ఆటోవాళ్ళు ఒకే పేపరును పంచుకుని ప్రకటనలతో సహా చదువుతున్నారు. "నిదానంగా చూడండి సార్, మాకేం పని" అంటున్నారు. నేను మొదట నా మీద గౌరవం పెరిగిందనుకున్నాను.

కడప నుంచి బేతంచెర్ల దాకా ఎటు పోయినా బండల పని. గనుల్లో తీయడం, ఫ్యాక్టరీల్లో కోసి పాలిష్ పట్టడం, లారీల్లో పంపడం. ఎక్కడో నగరాల్లో ఇళ్ళు కట్టడం తగ్గితే ఇక్కడ బండ కదలదు. బండ కదలకపోతే లారీ కదలదు. లారీ కదలకపోతే దారి పొడవునా హోటళ్ళు, పంచరు అంగళ్ళు చప్పబడిపోతాయి. ఇదంతా నేను పుస్తకంలో చదవలేదు. నోళ్ళలో చూశాను. సిగరెట్టు వాసన వచ్చే నోరు బీడీ వాసన కొట్టడం మొదలైంది. రూట్ కెనాల్ మొదటి రోజు నొప్పి తగ్గితే రెండో రోజు రావడం మానేశారు. నిలబెట్టగల పన్నును కూడా పీకేయండి అనేవాళ్ళు ఎక్కువయ్యారు. కూతురి పళ్ళు సరిచేయమని వైరు కట్టించిన ఒక తండ్రి సగంలో వచ్చి విప్పేయమన్నాడు. ఎత్తు పళ్ళు ఇంకా ఎత్తుగానే ఉన్నాయి. "ఇంత చాలు సార్, బాగానే కనపడతాంది" అన్నాడు. ఆ పిల్ల నేల చూపులు చూసింది.

నిజానికి మస్తాన్‌బీ కంటే కూడా ముందు, మాటల్లో కాకుండా పళ్ళతో నాకు తెలియజేసింది ఒక పాలిష్ ఫ్యాక్టరీ యజమాని. ఆయన దవడ పన్ను నిలువునా చీలింది. మిగతావి అరిగి చదునైపోయాయి. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకు అలా అవుతుంది. వ్యాపారం ఎలా ఉందని అడిగితే బ్రహ్మాండం అన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే మిషన్లు సగం ఆపేశాడు. తర్వాత ఇంకో ఇద్దరు యజమానులు అలాంటి పళ్ళతోనే వచ్చారు. కూలివాళ్ళ పని పోక ముందే యజమాని పళ్ళు అరుగుతాయని అప్పుడు గ్రహించి, స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే జమ్మలమడుగు వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పక్క పంటి మీద బంగారు తొడుగు, పెళ్ళినాడు వేయించుకున్నదట. తీసేయమన్నాడు.

"బాగానే ఉంది కదా పెద్దాయనా?"

"బాగుండాదనే కదప్పా తీయమనేది. బాగలేకుంటే ఎవురు కొంటారు?"

తీసి అరచేతిలో పెట్టాను. జొన్నగింజంత కూడా లేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంతేనా" అన్నాడు. దాన్ని జేబులో వేసుకుంటూ, "యాభై ఏండ్లు దీన్ని చూపియ్యాలని ఊరికూరికే నవ్వినానే" అన్నాడు. మస్తాన్‌బీ మొహం పక్కకు తిప్పుకుంది. ముసలాయనే ముందు నవ్వాడు, తర్వాత మేమూ నవ్వాం. బంగారం పోయిన తర్వాత నవ్విన ఆ నవ్వే బాగుందని నాకనిపించింది.

మేమూ మారతాం

కష్టకాలంలో జనం ఎలా మారతారో అందరూ చెబుతారు. డాక్టరు ఎలా మారతాడో ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. పేషెంట్లు తగ్గితే మొదట అసహనం వస్తుంది. గంటసేపు నచ్చజెప్పి పన్ను నిలబెట్టడం కంటే అయిదు నిమిషాల్లో పీకి పంపడం సులభమనిపిస్తుంది. అడిగింది వాళ్ళే కదా అనే సాకు చేతిలో సిద్ధంగా ఉంటుంది. పీకిన చోట రేపు కట్టుడు పన్ను కావాలంటే మళ్ళీ మన దగ్గరికే రావాలి కాబట్టి నష్టం లేదని లోపల ఎక్కడో ఒక గొంతు అంటూ ఉంటుంది. నేను ఆ గొంతు వినలేదని చెబితే అబద్ధం.

పేషెంటు ఇష్టమే మాకు ముఖ్యం అనే మాట ఇప్పటి క్లినిక్కుల గోడల మీద చూస్తుంటాను. మంచి మాటే. చేతగానప్పుడు దాక్కోవడానికి కూడా అది బాగా పనికొస్తుంది.

యేసురత్నం

యేసురత్నం బ్యాండు సెట్టులో క్లారినెట్ వాయించేవాడు. నలభై దాటిన మనిషి, మైదుకూరు దారిలో ఒక పల్లె. పెళ్ళి ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది అతనే. ఆదివారం వాళ్ళ ఊరి చర్చిలో పాటలకు వాయించేది అతనే. మా అన్న కూతురి పెళ్ళికీ వాయించాడు. కాబట్టి అతని నోటితో అతనికి ఏం పనో నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

మూఢం రోజుల్లో పెళ్ళిళ్ళు చేయరు. బ్యాండు వాళ్ళకు ఆ రోజులు ఎప్పుడూ ఖాళీయే, వాళ్ళకది అలవాటే. ఆ ఏడాది మూఢం పోయింది, ముహూర్తాలు వచ్చాయి, పెళ్ళిళ్ళు కూడా జరిగాయి. బ్యాండును మాత్రం ఎవరూ పిలవలేదు. గుడిలో తాళి కట్టించి, ఇంటి దగ్గర భోజనాలు పెట్టి ముగించేశారు. మనుషులు ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మొట్టమొదట ఆపేది ఊరేగింపే.

అతని పై వరసలో ముందరి పన్నుకు వేరు దగ్గర చీము పట్టింది. చిగురు వాచింది. పోయే పన్నేమీ కాదు. మూడుసార్లు కూర్చోబెట్టి వేరు శుభ్రం చేసి, పైన తొడుగు వేస్తే ఇరవై ఏళ్ళు ఉండేది. మూడుసార్లు రాలేనంటే ఒక్క రోజు పని చేసి, మందు పెట్టి మూసి, మంచి రోజులొచ్చాక రమ్మనవచ్చు. ఆదోని మనిషికి పెద్ద డాక్టరు చేసింది అదే కదా.

"పీకేయండి సార్" అన్నాడు యేసురత్నం.

ఆ రోజు పొద్దుటి నుంచి ఆ మాట అన్నవాళ్ళలో అతను అయిదోవాడు. మొదటి ఇద్దరికీ నచ్చజెప్పబోయాను, వినలేదు. మూడో మనిషి నుంచి నచ్చజెప్పడం మానేశాను. మందు పెట్టి పంపినవాళ్ళు తిరిగి రాకపోవడం ఆ నెలల్లో నాకు అవమానంగా ఉండేది. రానివాళ్ళ కోసం నేనెందుకు తాపత్రయపడాలి అనే మొండితనం పట్టుకుంది.

"ఇప్పుడు వాయిస్తున్నావా?" అని మాత్రం అడిగాను.

"యాడ సార్. పెట్టె తెరిచి నాలుగు నెల్లాయె. లారీకి బండలెత్తను పోతాండా. బండలెత్తేకి పన్నెందుకు సార్?"

అని నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంకేముంది, మనిషి నిశ్చయించుకునే వచ్చాడనుకున్నాను. ఇంజక్షన్ ఇచ్చాను. నేను అడగకముందే పట్టకారు చేతికందించే మస్తాన్‌బీని ఆ రోజు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. పన్ను నాలుగు నిమిషాల్లో వచ్చేసింది.

అతను అద్దంలో చూసుకుని, "పోయిందిలే" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. మస్తాన్‌బీ దూది ముక్కలు ఏరుతూ, "ఆయప్ప మా చెల్లెలి పెండ్లిలో వాయించినాడు సార్" అంది.

"తెలుసు" అన్నాను, కొంచెం గట్టిగానే.

గాలి నిలబడటం

ఏడాది దాటాక బండల లారీలు మళ్ళీ రోడ్డెక్కాయి. బెంచీ మీదివాళ్ళు మస్తాన్‌బీని తిట్టడం మొదలుపెట్టారు. అలాంటి ఒక పొద్దున యేసురత్నం నల్ల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. శ్రావణంలో పెళ్ళిళ్ళున్నాయి, రమ్మని బ్యాండు మేస్త్రి కబురు పెట్టాడట. ఇంట్లో వాయించి చూసుకున్నాడట.

"గాలి నిలబడలేదు సార్. సందులోనుంచి పోతాంది. నా కూతురు నవ్వె."

రీడు అనే సన్నటి బద్ద బిగించిన క్లారినెట్ మూతి వాయించేటప్పుడు పై పళ్ళ అంచుకు ఆనుతుంది. సరిగ్గా ఆ ఆనే చోటును నేను ఖాళీ చేసి పెట్టాను. ఇప్పుడు అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళను అరగదీసి, వాటి ఆధారంతో మధ్యలో కట్టుడు పన్ను నిలబెట్టాలి. ఒకటి పీకిన పాపానికి ఇంకో రెండింటిని చెక్కడం. దీనికి నువ్వేమీ ఇవ్వనక్కర్లేదని చెప్పాను. అతను వద్దనలేదు, దండాలు పెట్టలేదు. తలూపి కుర్చీలో కూర్చున్నాడు. నాకదే నయమనిపించింది.

మూడు వారాలు తాత్కాలిక పన్నుతో తంటాలు పడ్డాం. పొద్దున్నే వచ్చేవాడు. నేను పన్ను పెట్టేవాణ్ణి, అతను కుర్చీలోనే నిటారుగా కూర్చుని వాయించేవాడు. "రొంత పొడుగైంది సార్" అంటే అరగదీసేవాణ్ణి. మళ్ళీ వాయించి, "ఇప్పుడు శానా పోయింది" అంటే ఇంకోటి తయారుచేసేవాణ్ణి. అంత శ్రద్ధగా నేను ఎవరికీ చేయలేదు, డబ్బిచ్చిన పెద్దవాళ్ళకు కూడా. బయట బెంచీ మీద మాటలు ఆగిపోయేవి. ఒకతను తలుపు సందులోంచి తొంగి చూసి, లోపల పెండ్లా అని మస్తాన్‌బీని అడిగాడు. ఆమె అతన్ని కూర్చోమని కసిరింది.

చివరికి గాలి నిలబడింది. ఆ పొద్దు అతను ఊరేగింపు పాట ఒకటి మొదటి నుంచి చివరి దాకా వాయించాడు. నా చెవికి ఎక్కడా లోపం వినిపించలేదు. నా తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాను. ఆ కొలతలతోనే అసలు పన్ను చేయించి అతికించాను. చాలా సంతోషపడ్డాను కూడా.

శ్రావణం వెళ్ళాక పన్ను చూపించుకోవడానికి వచ్చాడు. పన్ను గట్టిగా ఉంది, చిగురు ఆరోగ్యంగా ఉంది. పెళ్ళిళ్ళు ఎలా జరిగాయని అడిగాను.

"జరిగినాయి సార్. మేస్త్రి నన్ను వెనక వరసలోకి మార్చినాడు. ముందర ఇంకో ఆయప్ప వాయిస్తాండాడు."

"ఎందుకు? బాగానే ఉంది కదా?"

"బాగుండాది సార్, బాగలేదని ఎవురన్నారు. నా పన్నుండేటప్పుడు రీడు అదిరేది పంటికి తెలుస్తాండె. రొంత సుతి తప్పినా చెవి కంటే ముందు పన్ను చెప్తాండె. దీనికి తెలీదు. మేస్త్రికి అది తెలిసిపాయ." ఇందులో నిష్ఠూరం లేదు. బూటు కరుస్తోందని చెప్పినట్టు చెప్పాడు.

ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్న మాట అడిగేశాను. "పన్ను పీకిన పొద్దు నా మీద నీకు కోపం రాలేదా రత్నం?"

"కోపమేంటికి సార్? పీకమన్నది నేనే కదా."

పెట్టె కొక్కెం తీసి, మళ్ళీ వేశాడు.

"పీకించుకోవాలంటే గవర్మెంటు పెద్దాసుపత్రిలో ఊరికే పీకుతారు సార్. బస్సు దిగినాక అదే ముందొస్తాది. అది దాటుకోని ఈడికి నడిచొచ్చినా. మీరు వద్దంటారనుకున్యా."

లేచి, నమస్కారం పెట్టి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళి కుళాయి తిప్పి అలాగే నిలబడిపోయాను. ఆ ఏడాది ఆ కుర్చీలో కూర్చుని పీకేయండి అన్నవాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఊళ్ళో పనులు పోయాయనడానికి వాళ్ళ మాటను గుర్తుగా పెట్టుకుని మురిసిపోయాను. వాళ్ళలో ఎంతమంది నా మొహంలోకి చూశారో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మస్తాన్‌బీ తర్వాతి మనిషిని పంపింది. లారీ క్లీనరులా ఉన్నాడు, దవడకు తువ్వాలు కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అతనింకా నోరు విప్పకముందే "వద్దు" అన్నాను. ఏం వద్దంటున్నానో అర్థం కాక అతను మస్తాన్‌బీ వైపు చూశాడు.